చనిపోవాలనుకుంటున్న మనిషిని ఎలా గుర్తుపట్టాలి, ఏం అడగాలి, ఆ రోజు ఏం చేయాలి

ఇంటర్ రిజల్ట్స్ టైంలో అయితే మరీ ఎక్కువ, మామూలు రోజుల్లో కూడా ఇలాంటి మెసేజ్ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. "అన్నా, మా రూమ్మేట్ స్టేటస్ తేడాగా పెట్టాడు, ఏం చేయమంటావ్", "సార్, మా బాబాయ్ అప్పుల్లో ఉన్నాడు, ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడట్లేదు", "మా చెల్లి అత్తారింటి నుంచి ఫోన్ చేసి నేనింక ఉండనక్కా అంది, కోపంలో అందా నిజంగానే అందా". ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే బదులు అంతా ఒకచోట రాసి పెడుతున్నా. నేను డాక్టర్ని కాను, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి, ఈ విషయంలో కాస్త ట్రైనింగ్ తీసుకుని పిల్లలతోనూ వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళతోనూ మాట్లాడుతుంటా, అంతే. నాకు తెలిసినంతలో మన ఇళ్ళల్లో ప్రేమకి లోటు లేదు, సలహాకి తొందరే ఎక్కువ. అవతలి మనిషి సగం చెప్పకముందే మనం మొదలెట్టేస్తాం.

ఒకవేళ ఆ ఆలోచనలు వస్తున్నది మీకే అయితే కిందవన్నీ వదిలేయండి. 14416కి ఇప్పుడే ఫోన్ చేయండి, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. చేతికందేట్టు ఏదైనా పెట్టుకుని ఉంటే దాన్ని అక్కడే వదిలేసి ఆ గదిలోంచి బయటికొచ్చి ఇంట్లో ఎవరి పక్కనైనా, ఎవరూ లేకపోతే పక్కింటివాళ్ళ అరుగు మీదైనా సరే, కూర్చుని ఆ ఫోన్ చేయండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

నంబర్లు ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి, కంగారులో వెతుక్కుంటే దొరకవు.

- 14416, టెలీ మానస్. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్‌లో మొదలైంది. కలవకపోతే 1800 891 4416.
- 108 అంబులెన్స్, 112 పోలీసు.
- చిన్నపిల్లలైతే 1098, ఇంట్లో కొట్టడం తిట్టడం లాంటివి ఉన్న ఆడవాళ్ళకి 181.

చాలామందికి తెలియని సంగతి, 14416కి బాధలో ఉన్న మనిషే చేయాలని లేదు. "మా ఫ్రెండ్ ఇలా అంటున్నాడు, నేనేం మాట్లాడాలి" అని మీరే చేసి అడగొచ్చు.

ఇంకా కావాల్సింది తోడుగా ఒక మనిషి, మీరొక్కళ్ళే మోయలేరు. ఆ తర్వాత టైం. ఇంకో పావుగంటలో బస్సు ఉంది అనుకుంటూ ఈ మాట మొదలుపెట్టకండి.

స్టెప్ 1: గుర్తుపట్టడం

ఏడుస్తూ కూర్చుంటారని అనుకుంటాం. ఏడ్చేవాళ్ళు కొందరే, మిగతావాళ్ళు మామూలుగా తిరుగుతూనే మాటల్లో జారుస్తారు. "నేను లేకపోతే మీరంతా హాయిగా ఉంటారు", "ఇంకెన్నాళ్ళులే", "నా వల్లే కదా ఇదంతా", "అమ్మను నువ్వే చూసుకోవాలి రా". నవ్వుతూ అన్నా సరే, ఆ మాట దగ్గర ఆగండి.

మాట కాకపోతే పనుల్లో కనబడుతుంది. రాత్రిళ్ళు నిద్ర లేకపోవడం, తిండి తగ్గడం, తాగుడు పెరగడం, గ్రూపుల్లోంచి ఒక్కోటిగా బయటికి వెళ్ళిపోవడం, ఇష్టంగా దాచుకున్నవి ఎవరికో ఇచ్చేయడం, ఎప్పుడో తీసుకున్న రెండొందలు గుర్తుపెట్టుకుని తిరిగివ్వడం, బీమా కాగితాలూ పాస్‌బుక్కూ ఎక్కడున్నాయో అడగకుండానే భార్యకి చూపించడం. ఒక్కోటీ విడిగా చూస్తే ఏమీ కాదు, రెండు మూడు కలిసి కొత్తగా మొదలైతే అడగాల్సిందే.

ఇంతకుముందు ఒకసారి ప్రయత్నం చేసి బతికిన మనిషైతే మిగతా గుర్తుల కోసం ఎదురుచూడక్కర్లేదు, అదే అన్నిటికంటే పెద్ద గుర్తు. కాన్పు అయిన కొత్తలో తల్లి, పెద్ద జబ్బు బయటపడినవాళ్ళు, ఇంట్లోనో క్లాసులోనో ఎవరైనా ఇలా పోయినవాళ్ళు, వీళ్ళ మీద కూడా ఒక కన్నుండాలి.

మన దగ్గర అప్పు ఒక్కటే మనిషిని అంచుకి నెట్టదు, అప్పుతో పాటు పరువు పోయిన రోజు నెడుతుంది. కౌలు రైతుకి పొలం తన పేరు మీద ఉండదు, బ్యాంకు లోను దొరకడం కష్టం, బయట వడ్డీకి తెస్తాడు, పంట పోతుంది, ఇదంతా ఏళ్ళ తరబడి భరిస్తాడు. అప్పిచ్చినవాడు వాకిట్లో నిలబడి నలుగురూ వినేట్టు అరిచి వెళ్ళిన రోజు మాత్రం భరించలేడు. పిల్లల విషయంలోనూ అంతే, ఫెయిలైన దానికంటే చుట్టాల ముందు "వీడి బతుకింతే" అన్న మాట ఎక్కువ తగులుతుంది. లోన్ యాప్ వాళ్ళు ఫోటోలు మార్ఫింగ్ చేసి కాంటాక్టులందరికీ పంపడం కూడా సరిగ్గా ఈ దెబ్బే. అలాంటిది జరిగిందని తెలిసిన రోజు రేపు చూద్దాంలే అనుకోకండి, ఆ సాయంత్రమే వెళ్ళండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. "అనేవాడు చేసుకోడు" అనేది మొదటిది, చేసుకున్నవాళ్ళలో చాలామంది ముందు ఎవరితోనో అన్నవాళ్ళే. రెండోది, చాన్నాళ్ళు కుమిలిపోయిన మనిషి ఒక్కసారిగా ప్రశాంతంగా అయిపోతే "హమ్మయ్య తేరుకున్నాడు" అనుకోవడం. నిజంగా తేరుకుని ఉండొచ్చు, మనసులో ఒక నిర్ణయానికి వచ్చేసి కూడా ఉండొచ్చు. తెలియాలంటే అడగడమే.

స్టెప్ 2: నేరుగా అడగడం

అందరూ ఆగిపోయేది ఇక్కడే. అడిగితే లేని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందేమో అని భయం. అవ్వదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చెప్తుంది, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, ఉన్నవాళ్ళకి మాత్రం చెప్పుకునే దారి దొరుకుతుంది.

నలుగురి మధ్య వద్దు. అలా నడిచొద్దాం పద అని బయటికి తీసుకెళ్ళండి, లేదా గదిలో ఇద్దరే కూర్చోండి. ముందు మీరు చూసింది చెప్పండి, తర్వాత అడగండి.

ఫ్రెండ్ అయితే: "రేయ్, వారం నుంచి నువ్వు సరిగ్గా తినట్లేదు, నిన్న నేను లేకపోతే అన్నావ్. చచ్చిపోవాలని గానీ అనిపిస్తోందా?"

పెద్దవాళ్ళయితే: "బాబాయ్, తప్పుగా అనుకోకు, ఇంత కష్టంలో ఉన్నావు కదా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఏమన్నా వస్తోందా?"

చెల్లెలైతే: "చెల్లీ, నేను నిన్ను తిట్టను, నన్ను చూసి చెప్పు, చచ్చిపోదామనుకుంటున్నావా?"

వద్దన్నది ఏంటంటే "పిచ్చి పిచ్చి ఆలోచనలేం పెట్టుకోలేదు కదా?" అని అడగడం. లేదు అనే జవాబు మీరే నోట్లో పెట్టి అడుగుతున్నారు, వాళ్ళూ లేదనేస్తారు, మీరూ ఊపిరి పీల్చుకుంటారు, పని మాత్రం జరగలేదు. "ఏమో", "తెలీదు", తల దించుకుని మౌనం, ఈ మూడిటినీ అవుననే లెక్కేసుకోండి. గట్టిగా లేదన్నా "సరే, ఎప్పుడైనా అనిపిస్తే అర్ధరాత్రైనా నాకు చెప్పు" అనేసి రెండ్రోజుల తర్వాత మళ్ళీ అడగండి.

స్టెప్ 3: వినడం

అవునన్నారు. మీ గుండె దడదడలాడుతుంది, అది మామూలే, మొహంలో కనబడినా పర్లేదు. "చెప్పావు, మంచి పని చేశావు. ఎప్పట్నుంచి అలా అనిపిస్తోంది?" అని అడిగి ఇంక మీరు మాట్లాడకండి. మధ్యలో రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకపోతే ఆ ఖాళీని నింపాల్సిన పని లేదు.

నోటి చివరి దాకా వచ్చే మాటలు కొన్నుంటాయి, వాటిని అక్కడే ఆపండి:

- "నీకేం తక్కువ?" తక్కువేమిటో చెప్పబోతుంటేనే మీరు ఆపేశారు.
- "అమ్మానాన్నల గురించి ఆలోచించావా?" ఆలోచించే ఉంటారు, వాళ్ళకి భారమైపోయానన్నదే చాలామంది బాధ. ఇంకో రాయి వేసినట్టవుతుంది.
- "ఇంత చిన్నదానికా?" మనకి చిన్నది.
- "నా మీద ఒట్టేసి చెప్పు, అలాంటి పని చేయనని." ఇది అందరూ చేస్తారు, దీని మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఒట్టు వేయించుకున్నాక మనకి ధైర్యం వస్తుంది, వాళ్ళకి మాత్రం మళ్ళీ ఆ ఆలోచన వచ్చినప్పుడు మనకి చెప్పే దారి మూసుకుపోతుంది, ఒట్టు తప్పానని ఎలా చెప్తారు?

ఒట్టుకి బదులు ఇలా అడగండి: "మళ్ళీ అనిపిస్తే ఏదైనా చేసేముందు నాకు ఫోన్ చేస్తావా? నేను ఎత్తకపోతే ఇంకెవరికి చేస్తావ్?" ఆ రెండో పేరు, 14416, రెండూ వాళ్ళ ఫోన్లోనే సేవ్ చేయించండి.

"ఎవరికీ చెప్పనని మాటివ్వు" అంటారు. ఇవ్వకండి. "ఊరంతా చెప్పను, కానీ నీ ప్రాణం మీదకొచ్చే విషయమైతే సాయం చేయగలిగినవాళ్ళకి చెప్తాను, ఎవరికి చెప్పాలో నువ్వూ నేనూ కలిసి అనుకుందాం" అనండి. కోపం వస్తుంది, రానివ్వండి.

స్టెప్ 4: ఎంత దగ్గర్లో ఉందో తెలుసుకోవడం

ఇది కూడా అడగాల్సిందే, నెమ్మదిగా. ఎలా చేయాలో ఏమైనా అనుకున్నావా? ఎప్పుడని అనుకున్నావా? దానికి కావాల్సింది దగ్గరుందా? ఇంతకుముందెప్పుడైనా ప్రయత్నం చేశావా?

అన్నిటికీ లేదు, అప్పుడప్పుడు బతకాలనిపించదు అంతే అంటే ఒకట్రెండు రోజుల్లో డాక్టర్ దగ్గరికో కౌన్సిలర్ దగ్గరికో తీసుకెళ్ళేలా ప్లాన్ చేసుకోవచ్చు, రోజూ పలకరిస్తూ ఉండాలి. ఎలాగో అనుకున్నారు, వస్తువు దగ్గరుంది, టైం కూడా అనుకున్నారు అంటే ఆ నిమిషం నుంచి ఒంటరిగా వదలకూడదు, ఆ రోజే ఆసుపత్రికి. తాగి ఉన్నా అంతే, మత్తు దిగే దాకా పక్కనే ఉండాలి, తాగినప్పుడన్న మాటలేలే అని వదిలేయొద్దు.

స్టెప్ 5: ప్రమాదమైనవి దూరం చేయడం

ఎక్కువ ప్రాణాలు కాపాడేది ఈ స్టెప్పే అని నా నమ్మకం. ఆ తీవ్రత అలలా వచ్చి పోతుంది, చాలామందిలో నిమిషాలు, గంటలు, ఆ కాసేపట్లో చేతికి ఏదీ అందకపోతే మనిషి దాటేస్తాడు. "చేసుకోవాలనుకున్నవాడు ఎలాగైనా చేసుకుంటాడు" అంటారు గానీ శ్రీలంక చూడండి, 1990ల నుంచి బాగా విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కోటిగా ఆపేస్తూ వచ్చారు, తర్వాతి ఇరవై ఏళ్ళలో అక్కడ ఆత్మహత్యల రేటు సగానికి పైగా పడిపోయింది.

పొలం మందులు ఇంట్లో ఉంచొద్దు. మంచం కింద, అటక మీద, పశువుల కొట్టంలో దాచడం దాచడం కాదు, ఆ ఇంటి మనిషికి తెలియని మూలుంటుందా? వేరే రైతు ఇంట్లో తాళం వేసిన పెట్టెలో పెట్టించండి, తాళంచెవి కూడా అక్కడే ఉండాలి. కొట్టు వాడు తెలిసినవాడైతే కొన్నాళ్ళు ఈ మనిషికి ఒంటరిగా వస్తే ఇవ్వొద్దని చెప్పొచ్చు. బీపీ, షుగరు, నిద్ర మాత్రలు రెండు మూడు రోజులకి సరిపడా మాత్రమే బయట ఉంచి మిగతావి ఇంకొకళ్ళ దగ్గర. ఇంకేదైనా పద్ధతి చెప్పి ఉంటే దానికి సంబంధించింది తీసేయండి. గది గడియ లోపల్నుంచి పడకుండా చూడండి.

దొంగచాటుగా కాకుండా చెప్పే చేయండి. "కొన్నాళ్ళు ఇవి మా ఇంట్లో ఉంటాయి, నువ్వు కుదుటపడ్డాక తీసుకెళ్దువుగాని." చాలామంది ఇచ్చేస్తారు కూడా.

స్టెప్ 6: సాయం దగ్గరికి చేర్చడం

"డాక్టర్ని కలువు" అని నంబర్ పంపి ఊరుకుంటే తొంభై శాతం వెళ్ళరు (ఇది లెక్క కాదు, నా అనుభవం). మీరే ఓపీ టైం కనుక్కుని మీరే బండెక్కించుకుని వెళ్ళండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, చాలా జిల్లా ఆసుపత్రుల్లోనూ ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం మానసిక ఆసుపత్రులు ఎలాగూ ఉన్నాయి. మీ దగ్గర్లో ఎక్కడో తెలియకపోతే 14416 వాళ్ళనే అడగండి.

"పిచ్చాసుపత్రికా? రేపు పెళ్ళి సంబంధాలు రావొద్దా?" అని ఇంట్లో గొడవ అవుతుంది. వాదించకండి. "నిద్ర పట్టట్లేదు కదా, దానికి చూపిద్దాం" అంటే పెద్దవాళ్ళు దిగొస్తారు, అది అబద్ధం కూడా కాదు. అదీ కుదరకపోతే ముందు ఊళ్ళో పీహెచ్‌సీ డాక్టర్‌కో మీ ఫ్యామిలీ డాక్టర్‌కో చూపించండి, ఆయన రాసిస్తే వెళ్తారు. గుడికో దర్గాకో చర్చికో తీసుకెళ్తామంటే తీసుకెళ్ళనివ్వండి, డాక్టర్‌కి బదులుగా మాత్రం కాదు.

డాక్టర్ ముందు "ఊరికే నీరసం సార్" అని తేల్చేస్తారు, మీరు పక్కనుండి అసలు మాట చెప్పండి. మందులు మొదలెట్టాక మనసు తేలికపడటానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వారానికే "పని చేయట్లేదు" అని ఆపేయడం, బాగుందనిపించగానే ఆపేయడం, రెండూ ప్రమాదమే.

అసలు కష్టం కూడా కాస్త కదలాలి కదా. ఫెయిలైతే సప్లిమెంటరీ ఉంది, రీవెరిఫికేషన్ ఉంది. 2019లో తెలంగాణ ఇంటర్ రిజల్ట్స్ గందరగోళంలో తెలుగులో సున్నా వచ్చిన అమ్మాయి పేపరు మళ్ళీ చూస్తే 99 మార్కులు ఉన్నాయి. లోన్ యాప్ బెదిరింపులైతే స్క్రీన్‌షాట్లు తీసి 1930కి (సైబర్ నేరాల హెల్ప్‌లైన్) ఫిర్యాదు, కాంటాక్టులకి మీరే ముందు ఒక మెసేజ్ పెట్టేస్తే వాళ్ళ ఆయుధం సగం పోతుంది. అప్పైతే నలుగురు పెద్దమనుషులతో వాయిదా అడిగించండి. ఇవన్నీ విన్న తర్వాత, వినకముందు కాదు.

స్టెప్ 7: అప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే

108. ఆలస్యమయ్యేట్టుంటే దొరికిన బండి. ఏదైనా మింగి ఉంటే ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, చింతపండు పులుసు తాగించి కక్కించొద్దు, నోట్లో వేళ్ళు పెట్టొద్దు, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. స్పృహ లేకపోతే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. డబ్బా, సీసా, మాత్రల స్ట్రిప్ ఏది దొరికితే అది మీతో పట్టుకెళ్ళండి, డాక్టర్‌కి మొదట కావాల్సింది అదే. "కొంచెమే, బాగానే ఉన్నా" అన్నా తీసుకెళ్ళాల్సిందే, కొన్నిటి ప్రభావం ఒకట్రెండు రోజుల తర్వాతే బయటపడుతుంది.

పోలీసు కేసవుతుందని భయపడి డాక్టర్‌కి "కడుపునొప్పి" అని చెప్పేవాళ్ళున్నారు. దయచేసి అలా చేయకండి. ఆసుపత్రివాళ్ళు ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాస్తారు, పోలీసులొచ్చి స్టేట్‌మెంట్ తీసుకోవచ్చు, అది వాళ్ళ పద్ధతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆ మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించడానికి లేదు. పాత ఐపీసీలో ఆత్మహత్యాయత్నానికి శిక్ష వేసే 309 సెక్షన్ ఉండేది, 2024 జులై 1న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో (భారతీయ న్యాయ సంహిత) అది అలా లేదు.

స్టెప్ 8: తర్వాతి వారాలు

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి వారాలే ఎక్కువ ప్రమాదం. సరిగ్గా అప్పుడే చుట్టాలు వెళ్ళిపోతారు, ఫ్రెండ్స్ ఏం మాట్లాడాలో తెలీక దూరంగా ఉంటారు, ఇంట్లో "ఎంత పని చేశావురా" అని మొదలవుతుంది. రోజు మార్చి రోజు ఒక ఫోన్, లేదా "తిన్నావా" అని ఒక మెసేజ్ చాలు. తర్వాత అపాయింట్‌మెంట్ తేదీ మీ క్యాలెండర్లో కూడా రాసుకోండి. పిల్లలైతే ఫలానా చేశాడట అన్న కబురు కాలేజీలో పాకకుండా ఆపండి.

బాగవుతోందా లేదా ఎలా తెలుస్తుంది? "బాగున్నా" అన్న మాటని బట్టి కాదు. నిద్ర వస్తోందా, స్నానం చేసి బట్టలు మార్చుకుంటున్నారా, వచ్చే నెల గురించి ఏదైనా మాట వస్తోందా, మిమ్మల్ని విసుక్కుంటున్నారా (ఇది మంచి గుర్తే నన్నడిగితే), ఇవి చూడండి. వారానికోసారి అదే ప్రశ్న మళ్ళీ నేరుగా: "ఆ ఆలోచన ఈ వారం వచ్చిందా? ముందుకంటే ఎక్కువా తక్కువా?" తగ్గింది అంటే నమ్మండి, స్టెప్ 5లో దూరం చేసినవి మాత్రం అప్పుడే వెనక్కి ఇవ్వకండి, డాక్టర్‌ని అడిగాక ఇవ్వండి. మీకు కూడా నిద్ర లేకపోతే ఇంకొకళ్ళతో వంతులేసుకోండి, 14416 మీకూ పని చేస్తుంది.

మీరు దూరంగా ఉంటే

ఫోన్లోనో చాట్‌లోనో చెప్తే మొదట అడగాల్సింది "ఇప్పుడెక్కడున్నావ్, పక్కన ఎవరున్నారు". లైన్లో మాట్లాడిస్తూనే ఇంకో ఫోన్ నుంచి వాళ్ళ రూమ్మేట్‌కి, హాస్టల్ వార్డెన్‌కి, పక్కింటివాళ్ళకి, దొరికినవాళ్ళకి చేయించండి, "వెంటనే వెళ్ళి తలుపు కొట్టండి, తర్వాత చెప్తా". ఎవరూ లేరు, ప్రమాదం ఖాయమనిపిస్తే 112కి అడ్రస్ చెప్పండి. స్టేటస్ కింద అందరూ చూసేట్టు కామెంట్లు పెట్టడం, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపుల్లో తిప్పడం మానేసి నేరుగా ఫోన్ చేయండి.

అమెరికాలో చదువుకుంటున్న పిల్లలైతే అక్కడ 988 ఉంది, ఫోన్ అయినా టెక్స్ట్ అయినా, వీసా స్టేటస్‌తో సంబంధం లేదు. యూకేలో 116 123, ఆస్ట్రేలియాలో 13 11 14. ప్రాణం మీదకొస్తే వరసగా 911, 999, 000. ఇక్కడ అమ్మానాన్నలకి టైం తేడా వల్ల అర్ధరాత్రి కబురు తెలుస్తుంది, పిల్లాడి అడ్రస్, అపార్ట్‌మెంట్ నంబర్, రూమ్మేట్ల ఇద్దరి ఫోన్ నంబర్లు, యూనివర్సిటీ పేరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికించి పెట్టుకోండి. పిల్లాడు బాగానే ఉన్నా సరే, ఈ ఆదివారం వీడియో కాల్‌లో అడిగి రాసుకోండి.